ఎడమపక్క ఆలస్యం

ఒడిశాలోని రాయగడ బజారులో పటాలు కట్టే అప్పలనరసింహానికి ఒక జబ్బుంది. వంకర కనిపిస్తే ఊరుకోలేడు. తన ఇంట్లో అయితే సరే అనుకోవచ్చు, పెళ్ళికి వెళ్ళినా పెళ్ళికొడుకుని పలకరించడానికి ముందు గోడ మీది క్యాలెండరు సర్దుతాడు. ఒకసారి బ్యాంకు మేనేజరు సంతకం పెట్టమని కాగితం చేతికిస్తే, ఆ కాగితం పక్కన పెట్టి, కుర్చీ ఎక్కి, ఆయన తల వెనకున్న పటం తిన్నగా పెట్టి దిగాడు. మేనేజరు ఏమనుకున్నాడో మనకనవసరం. సంతకం ఆ తరువాతే అయింది.

ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆయన పని అదే మరి. ఊరి దేవత మజ్జిగౌరమ్మ పటాలు, జగన్నాథుడి పటాలు, దామంజోడి ఫ్యాక్టరీ ఉద్యోగస్తుల రిటైర్మెంటు ఫోటోలు, అన్నిటికీ చట్రం కోసి, అద్దం కోసి, మేకులు కొట్టి ఇస్తాడు. అర నూలు, అంటే అంగుళంలో పదహారో వంతు తేడా ఉన్నా కొలబద్ద లేకుండా పట్టేస్తాడు. ఆ కన్నంటే ఆయనకు మహా గర్వం. భార్య కోటేశ్వరమ్మకు మాత్రం విసుగు. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ పాపిడి తిన్నగా ఉందని ఆ మహానుభావుడు ఒక్కరోజు కూడా ఒప్పుకోలేదు.

మొన్నామధ్య కొడుకు సాయిరాం ఒక చిన్న టాబ్లెట్ కొన్నాడు. నోటు పుస్తకమంత ఉంటుంది. చట్రాల రకాలన్నీ అందులో ఫోటోలు పెట్టి, వచ్చినవాళ్ళకు వేలితో పైకి తోస్తూ చూపించాలని అతని ఆలోచన. మంచి ఆలోచనే, ఎవరు కాదన్నారు. ముందుగా తండ్రికే చూపించాడు. తెర మీద చట్రాలు రెండు వరుసల్లో పైకి జరిగాయి. అప్పలనరసింహం కళ్ళద్దాలు తీసి, పంచెతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"మళ్ళీ తొయ్యి," అన్నాడు.

సాయిరాం తోశాడు.

"ఎడమపక్క ఎనకబడతంది. కుడిపక్కది ముందెల్లిపోతంది, ఎడమది దానెనకాల ఈడ్సుకుంటా వస్తంది. సట్రాలన్నీ వాలిపోతన్నాయి, సూడు."

సాయిరాం చూశాడు. ఆపితే తిన్నగా ఉన్నాయి, తోసినా తిన్నగానే ఉన్నాయి. అతనికేమీ కనబడలేదు. పక్క మిఠాయి కొట్టు లక్ష్మణుణ్ణి పిలిచారు. అతను చక్కెర పాకం అంటిన వేలితో నాలుగుసార్లు తోసి, బ్రహ్మాండంగా ఉందన్నాడు. దారినపోయే ఒక ఒడియా పెద్దమనిషి కూడా తొంగిచూసి, "సిధా అఛి, బాబు," అని భుజం తట్టి తిన్నగానే ఉందని తీర్పు చెప్పి వెళ్ళిపోయాడు. బడిపిల్లల ఫోటోకి పటం కట్టించుకోవడానికి పద్మపూర్ నుంచి వచ్చిన పుణ్యవతి టీచరు మాత్రం కాసేపు చూసి బల్ల మీద కూలబడింది.

"నాకేటీ కనబడ్డం నేదు గానీ బాబాయిగారూ, కడుపులో తిప్పుతంది," అంది.

"సూసేవా," అన్నాడు అప్పలనరసింహం.

"అది బస్సులో వచ్చిన తిప్పుడు నాన్నా," అన్నాడు సాయిరాం.

అంతటితో పోతే బాగుండేది. కానీ సాయిరాముకి భయం పట్టుకుంది. లేని వంకర చూసే కన్నుతో ఈ మనిషి రోజూ అద్దాలు కోస్తున్నాడు, ఏ పూట వేలు తెగుతుందో. సాయంత్రం మెల్లగా చెప్పేశాడు.

"కంటి డాక్టరు దగ్గరికెల్దాం. అంతవరకూ అద్దం కొయ్యకు. కోత బల్ల దగ్గర నేను కూకుంటాను."

అప్పలనరసింహానికి తల కొట్టేసినట్టయింది. ఆ బల్ల దగ్గర ఆయన ఎవర్నీ కూర్చోనివ్వలేదు, కొడుకుని అసలే కూర్చోనివ్వలేదు. పన్నెండేళ్ళుగా సాయిరాం ఓ పక్కన పనికిరాని ముక్కల మీద ఏది కోసినా వంకరే. కోయడం చేతకాకపోతే నేర్పొచ్చు, వంకరని కనబడకపోతే ఏం చేస్తాం? ఇప్పుడు ఆ గుడ్డికన్ను ఈ కన్నుని పక్కన కూర్చోమంటోంది. రాత్రి అన్నం దగ్గర తినకుండా కంచం తిన్నగా సర్దుతూ కూర్చున్నాడు. "పోన్లెండి, కంటికి వైద్యం సేస్తే నా పాపిడైనా తిన్నగా కనబడతాదేమో," అంది కోటేశ్వరమ్మ ఓదార్పుగా.

పార్వతీపురంలో డాక్టరు చూశాడు. ఎడమ కంట్లో శుక్లం ఇప్పుడే మొదలవుతోంది, దానివల్ల ఇబ్బందేమీ లేదు, ఏడాది పోయాక చూద్దాం అన్నాడు. ఇబ్బంది లేదన్న మాట ఒక్కరూ వినలేదు. ఎడమ కన్ను అన్న మాట మాత్రం మర్నాటికి బజారంతా తెలిసిపోయింది. ఎడమ కంట్లో శుక్లం, ఎడమపక్క ఆలస్యం, ఇంకేం కావాలి.

రెండు రోజులు అప్పలనరసింహం తన కొట్లో తానే బేరగాడిలా స్టూలు మీద కూర్చున్నాడు. మూడో రోజు చేతులు ఊరుకోక చట్రం మూలలు సరిచూసే మూలమట్టం తీసి తుడవడం మొదలుపెట్టాడు. మూలమట్టం సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే దాన్ని చెక్కకి ఆనించి ఒక గీత గీస్తారు, తిరగేసి అక్కడే ఇంకో గీత గీస్తారు. రెండూ కలిస్తే మంచిది. విడిపోతే తప్పు మూలమట్టానిదే. వేల సార్లు చేసిన పని అది. చేస్తూ చేస్తూ ఆగిపోయాడు. లేచి వెళ్ళి టాబ్లెట్ తలకిందులు చేశాడు. తెర తనంతట తానే బొమ్మలను నిటారుగా నిలబెట్టుకుంది. తోశాడు.

ఇప్పుడు కుడిపక్క వెనకబడింది.

"ఒరే సాయీ, ఇలా రా. తప్పు నా కంట్లో ఉంటే దీన్నెలా తిప్పినా ఎడమే ఎనకబడాల. కుడికెలా వచ్చింది?" ఒక సన్న బద్ద తీసి తెర మీద అడ్డంగా పెట్టాడు. "ఈ అంచుకేసి సూడు, ఏ వరస ముందు దాటుతందో. పక్కలకి సూడకు."

సాయిరాం చూశాడు. చూసి, మళ్ళీ తోశాడు. నోరు తెరిచాడు. కనబడింది.

కనబడ్డాక ఇక పోలేదు, అదీ గొడవ. లక్ష్మణుడికి చూపిస్తే అతనూ పట్టేశాడు, తన ఫోనులో కూడా ఉందని కనిపెట్టి, హాయిగా ఉన్న ప్రాణానికి ఏటి సేసేవయ్యా అని దెబ్బలాటకొచ్చాడు. ఆ పూట బజారులో సగంమంది ఫోన్లు తిరగేసి తోసుకుంటూ కూర్చున్నారు. ఎక్కడెక్కడివాళ్ళో దీని మీద ఇంటర్నెట్లో ఎప్పట్నుంచో కొట్టుకుంటున్నారని సాయిరాం చదివి వినిపించాడు. ఉందని కొందరు, మీ భ్రమని కొందరు, పెళ్ళాం చూపించేదాకా సుఖంగా ఉన్నానని ఒకాయన. అమ్మినవాడికి ఫోను చేస్తే, అది మామూలే సార్ అన్నాడు. అంటే వంకరని ఒప్పుకున్నట్టేనని అప్పలనరసింహం నిర్ధారించాడు.

ఆ మధ్యాహ్నమే ఆయన మళ్ళీ కోత బల్లెక్కాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు. పెద్ద మజ్జిగౌరమ్మ పటానికి చట్రం కోసి, బిగించి, గోడకి తగిలించి, మీసం దువ్వుకున్నాడు. సాయిరాం అటుగా పోతూ ఆగాడు.

"నాన్నా, ఒక మాటంటాను, కోపం తెచ్చుకోకు."

"సెప్పు."

"ఎడమ మూల సరిగ్గా కలవనేదు. అర నూలుంటాది."

అప్పలనరసింహం పటం దించి మూలమట్టం ఆనించాడు. అర నూలు. స్వయంగా తను కోసిన కోత. మూలమట్టాన్ని తిరగేసి మళ్ళీ ఆనించాడు. అయినా అర నూలే.

తలెత్తి కొడుకు మొహం చూశాడు. నిద్ర లేని మొహంలా పీక్కుపోయి ఉంది.

"ఇంకా ఏటేటి వంకరగా కనబడతన్నాయిరా?"

"అన్నీ," అన్నాడు సాయిరాం దిగులుగా. "ఎదురు కొట్టు బోర్డు. లక్ష్మణుడి మీసం. అమ్మ పాపిడి కూడా."

అప్పలనరసింహానికి ఒకపక్క కొడుకు మీద జాలేస్తోంది, ఇంకోపక్క ఎగిరి గంతెయ్యాలని ఉంది. ఏది ముందో తెలియలేదు. బల్ల మీది చెక్కపొడి తుండుగుడ్డతో దులిపాడు. అద్దం కోసే కత్తి కొడుకు చేతిలో పెట్టాడు.

"కూకో," అన్నాడు.

సాయిరాం కూర్చున్నాడు. అద్దం పరిచాడు, ఊపిరి బిగపట్టి గీత గీశాడు. అప్పలనరసింహం స్టూలు మీంచి వంగి, కళ్ళద్దాలు ముక్కు చివరికి దించి, ఆ కొస నుంచి ఈ కొసదాకా చూశాడు. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. గీత తిన్నగా ఉంది.