రాయి పడే చోటు

నా చిన్నప్పుడు కుప్పం దగ్గర మా ఊరి వెనక గ్రానైట్ క్వారీ ఉండేది. మా అమ్మ అందులో కూలికి పోయేది. మందు పేల్చే ముందు విజిల్ వేస్తే, కూలీలంతా ఎర్రజెండా దాటి పోయి కూర్చునేవాళ్లు. అలా జెండా అవతల కూర్చున్న మనిషే, మా పక్కింటి అక్క వాళ్ల నాన్న, రాయి తగిలి పోయాడు. ఆయన రాత అంతే అన్నారు ఊళ్లో. ఆ మాట తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

అక్క ఇంటర్ చదువుతూ నాకు లెక్కలు చెప్పేది. వర్గ సమీకరణాలు నా బుర్రకెక్కడం లేదని ఒక సాయంత్రం గ్రాఫు కాగితం పరిచింది. అడ్డగీత నేల, నిలువుగీత ఎత్తు అనుకోమంది. క్వారీ దారిలో రెండు కరెంటు స్తంభాల మధ్య దూరం ఒక గడి. x అంటే దూరం, ఎనిమిది x లోంచి x వర్గం తీసేస్తే మందు పేలి ఎగిరిన రాయి ఎత్తు. నేను చుక్కలు పెట్టి కలిపాను. గీత నాలుగో స్తంభం దాకా ఎక్కి దిగింది. రాయి అంతవరకు ఎక్కడం తాను మిద్దె మీంచి చూశానని, దిగేది దుమ్ములో కనబడదని, ఎక్కినంత దూరమే దిగేటప్పుడూ పోతుందని అక్క చెప్పింది. గీత నేలను తాకిన చోటే జవాబు అంది. సున్నా అన్నాను గర్వంగా.

"అది మందు పెట్టిన చోటు. అందరూ దాన్నే సూస్తారు. రెండోది యాడుండాదో సూడు."

రెండోది ఎనిమిది. జెండా ఆరో స్తంభం దగ్గరే ఉండేది. మా అమ్మ కూర్చునేది ఎనిమిదో దాని దగ్గర.

అక్కడ కూర్చోవద్దని అన్నం ముట్టకుండా ఏడ్చి గొడవ చేశాను. జెండా దాటితే భయం లేదని మేస్త్రీ చెప్పాడంటుంది అమ్మ. చివరికి అక్కే కాగితం తెచ్చి చూపించింది. అమ్మకు చదువు రాదు. స్తంభాలు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ పోయి, గీత దిగిన చోట వేలు ఆపింది.

"మీ నాయన కూసోనుండింది ఈడే కదా పాపా."

అక్క తలూపింది.

మర్నాటి నుంచి అమ్మ ఇంకా చాలా దూరం పోయి కూర్చునేది. తిరిగి రావడం ఆలస్యమవుతోందని మేస్త్రీ తిట్టేవాడు. ప్రాణం మీద తీపి ఎక్కువైందని తోటివాళ్లు నవ్వేవాళ్లు. జెండా జరపమని అక్క అడిగితే, ఆడపిల్లకెందుకు ఈ గోల అని మేస్త్రీ పంపేశాడట. నవ్విన వాళ్లలో ఒకామె ఆ ఎండాకాలంలోనే రాయి తగిలి పోయింది.

మా అమ్మ ముసలితనం దాకా బతికింది. అక్క ఆ లెక్క వేసింది మాత్రం వాళ్ల నాన్న పోయాకే. అది గుర్తొస్తే అమ్మ బతికిందన్న సంతోషం కూడా నిండుగా మిగలదు. ఇప్పటికీ ఎక్కడ మందు పేలిన చప్పుడు విన్నా, రాయి వచ్చి పడే చోట ఎవరైనా కూర్చున్నారేమోనని వెతుక్కుంటాను.