రెండు బకెట్లు పోస్తే రెండున్నర

మొన్న మా అమ్మాయితో కలిసి మొయినాబాద్‌లో కొత్తగా తెరిచిన పెద్ద దుకాణానికి వెళ్ళాను. సబ్బుల వరసలో అన్నిటికంటే కింది అరలో, ఎవరూ కొనక దుమ్ము పట్టిన నీలిమందు పొట్లాలు కనబడ్డాయి. ఒకటి తీసి బుట్టలో వేసుకున్నాను. "ఇప్పుడు దీన్ని ఎవరు వాడ్తరమ్మా, మెషిన్ల తెల్లగనే అయితయ్ గద" అంది మా అమ్మాయి. నిజమే. ఇంటికి తెచ్చి ఆ పొట్లం మా ఆయన ముందు పెట్టాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని, "అవ్వ యాదికొచ్చింది" అన్నాడు, వాళ్ళమ్మను తలుచుకుని. పొట్లం ఇప్పుడు టీవీ పక్కన ఉంది, దాన్ని విప్పాలని ఇద్దరిలో ఎవరికీ లేదు.

ఆ రోజుల్లో మేం బస్సులో కాపురం ఉండేవాళ్ళం. ఈ మాట చెబితే మా అమ్మాయి స్నేహితులు మోటర్ హోమ్ అంటూ మురిసిపోతారు, మేమేదో కొండలూ సముద్రాలూ తిరిగి వచ్చినట్టు. మేం తిరిగింది మొయినాబాద్ నుంచి చేవెళ్ళ దాకా, మళ్ళీ చేవెళ్ళ నుంచి మొయినాబాద్ దాకా. అటు నగరం అంచున సాఫ్ట్‌వేర్ కంపెనీల అద్దాల మేడలు లేస్తుంటే, ఇటు మా జొన్నచేలలో ప్లాట్ల నంబర్లు రాసిన తెల్లరాళ్ళు లేస్తున్నాయి. మేం కిరాయికి ఉన్న ఇంటిని ఓనరు అమ్మేశాడు. తరువాతి ఇంటి ఓనరూ అమ్మేశాడు. మూడోసారి సామాను మూట కట్టేసరికి నా పెళ్ళినాటి ఇత్తడి బిందెకు సొట్ట పడని చోటు లేదు. అప్పుడు మా ఆయన డ్రైవరుగా పనిచేస్తున్న ప్లాట్ల సారుకు ఒక ఉపాయం తోచింది. ప్రతి వెంచర్‌లో ఆఫీసు గది కట్టడం దండగ, ఒక పాత మినీబస్సు కొని ముందు సగం ఆఫీసు, వెనక సగం డ్రైవరుకు ఇల్లు చేస్తే, ఆఫీసూ కాపలా రెండూ ఎక్కడికంటే అక్కడికి కదులుతాయి. ఏదో కంపెనీ తన ఉద్యోగులను తిప్పి తిప్పి వదిలేసిన బస్సు ఒకటి దొరికింది. సీట్లు పీకి వెనక రెండు చెక్క మంచాలూ, ఒక స్టవ్వూ, స్నానానికి ఒక మూల పరదా, నీళ్ళు పోవడానికి నేలకు కంతా పెట్టారు. అలా మాకు ఇల్లూ ఉద్యోగమూ ఒకే తాళంచెవికి వచ్చాయి. పోతే రెండూ ఒకేసారి పోతాయన్న సంగతి ఆ సంతోషంలో ఎవరికీ తట్టలేదు.

మాతో పాటు మా అత్త ఉండేది. నాట్లు వేసీ వేసీ ఆమె మోకాళ్ళు అరిగిపోయాయి. పొద్దున వేడినీళ్ళు పడితే తప్ప కాళ్ళు ముడుచుకునేవి కావు. ప్రార్థన చేయకుండా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి, కోపమొస్తే మాత్రం స్తోత్రం చెప్పిన నోటితోనే నన్ను చెడామడా తిట్టేది. ఆమె కోసం మా ఆయన ఒక పని చేశాడు. ఇంజను ఎలాగూ కాగుతుంది, ఆ వేడి గాలికి పోవడమెందుకని, ఇంజనులో తిరిగే నీళ్ళను రబ్బరు పైపులతో బస్సు కింది నుంచి వెనకకు రప్పించి, ఒక పాల క్యానులో రాగిగొట్టాన్ని చుట్టలు చుట్టి, అందులోంచి తిప్పి మళ్ళీ ముందుకు పంపాడు. క్యానులో పోసిన నీళ్ళకు ఆ గొట్టం వేడి తగులుతుంది, అంతే, ఇంజను నీళ్ళూ స్నానం నీళ్ళూ ఒకదానిలో ఒకటి కలవవు. క్యాను అత్త మంచం కింద, కొళాయి పరదా లోపల. తెల్లవారగానే ఆయన బస్సు తీసుకుని కనకమామిడి ఊరి బోరు దగ్గర తాగే నీళ్ళు పట్టుకొచ్చేవాడు. ఆ పోయి రావడంలోనే క్యాను పొగలు కక్కేది. ప్లాట్లు చూడడానికి వచ్చిన వాళ్ళకు ముందు ఆ క్యాను చూపించి తరువాత ప్లాటు చూపించేవాడు, అందుకు సారుతో చీవాట్లు కూడా తిన్నాడు. అత్తకు ఆ క్యాను అంటే ప్రాణం. రోజూ సాయంత్రం అందులో రెండు బకెట్ల నీళ్ళు తనే ముంచి పోసేది, నన్ను చెయ్యి పెట్టనిచ్చేది కాదు.

నాకు ఏడో నెల పడిన వేసవిలో రేడియేటర్లో నీళ్ళు మాయం కావడం మొదలైంది. పొద్దున నిండా పోస్తే బోరు దగ్గరికి పోయి వచ్చేసరికి అర బకెట్ తక్కువ. బస్సు కింద అట్టలు పరిచి చూశాం, చుక్క లేదు. పొగలో ఆవిరి లేదు, నూనెలో నీరు లేదు. మొయినాబాద్‌లో మాకు తెలిసిన మెకానిక్ ఉస్తాద్ రేడియేటర్ విప్పి తొట్టిలో ముంచి చూశాడు, మూత మార్చాడు, పైపులు మార్చాడు, వాటర్ పంపు మార్చాడు. బస్సు కింద పడుకుని వెనక పైపులు కూడా తడిమి, "వెనక డబ్బా సంగతేంది భాయ్?" అని అడిగాడు కూడా. "అది నేను నా చేత్తో చేసిన ఉస్తాద్, దానికేం కాదు" అన్నాడు మా ఆయన. ఉస్తాద్ మర్యాదస్తుడు, మళ్ళీ అడగలేదు. చివరకు మా ఆయన అనుమానం పక్క చేలలో గొర్రెలు మేపే ముసలాయన మీదికి పోయింది. డీజిలు దొంగతనం విన్నాం గానీ రేడియేటర్ నీళ్ళు ఎవరు దొంగిలిస్తారండీ! అయినా బానెట్‌కు తాళం వేశాడు. తాళం వేసినట్టే ఉండేది, నీళ్ళు తగ్గినట్టే ఉండేవి.

ఒక గురువారం ఇద్దరు సాఫ్ట్‌వేర్ మొగుడూపెళ్ళాలను ఎక్కించుకుని వస్తుంటే, చేవెళ్ళ రోడ్డు మీద బస్సు కాగి, కాగి, ఆగిపోయింది. వాళ్ళు ఆటో ఎక్కి నగరానికి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం సారు వచ్చాడు. ఆయన కేకలు వేసి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు. మెల్లగా, చెప్పుల దుమ్ము దులుపుకుంటూ అన్నాడు: "ఆదివారం ఆలూరుల కొత్త వెంచర్ పూజ. పది గంటలకు బండి ఆడుండాలె. లేకుంటే సామాను దించుకోండ్రి, వేరేటోళ్ళను చూసుకుంట." ఉస్తాద్‌ను అడిగితే, ఇక హెడ్ గాస్కెట్టే అయి ఉంటుంది, ఇంజను విప్పితే పది రోజులు పడుతుందన్నాడు. మాకున్నవి రెండు రోజులు.

ఆ రెండు రోజుల గురించి ఇప్పుడు నవ్వుతూ చెబుతాను గానీ, అప్పుడు సామాను మూట కట్టనా వద్దా అని చూస్తూ కూర్చునేదాన్ని. ఏ రాయి పక్కన కంటాను ఈ బిడ్డను అనిపించేది. శుక్రవారం మధ్యాహ్నం మా ఆయన, నా మొహం చూడకుండా, "నువ్వు, అవ్వ మీ అన్నోళ్ళింటికి పోండ్రి. నేను యాడనో ఒక కాడ పండుకుంట" అన్నాడు. మా అన్న ఉండేది ఒకే గదిలో. వియ్యాలవారింట్లో కాలు పెట్టడం కంటే రోడ్డు మీద ఉండడమే నయమని అత్త. ఆమెకు మాత్రం బెంగ ఉన్నట్టే కనబడలేదు. "ఫికర్ చెయ్యకు బిడ్డా. దేవుడు మనల్ని ఇడువడు. నాకు రోజూ గుర్తు చూపిస్తున్నడు" అంది. ఏం గుర్తని అడిగితే పెదవులు బిగించింది. నాకు ఒళ్ళు మండింది. "గుర్తులెందుకత్తా, నీళ్ళు యాడ కారుతున్నయో చూపిస్తే సాలు" అన్నాను. ఆమె నన్ను పాపిని చూసినట్టు చూసింది.

శనివారం పొద్దున్నే, ఏ ధైర్యంతోనో, మా ఆయన తెల్లచొక్కా ఉతికాను. ఆదివారం వేసుకోవాలి కదా, ఉద్యోగం ఉన్నా ఊడినా. నీలిమందు కలిపిన బకెట్‌ను కాసేపు పక్కన పెట్టి చొక్కా పిండుతూ చూస్తే, బకెట్ కింద రాయి మీద సన్నగా నీలిగీత. ఆ బకెట్‌కు చిల్లు ఉందని నాకు ఆనాటి దాకా తెలియదు. ఎన్నాళ్ళుగా కారుతోందో, మామూలు నీళ్ళు కారితే ఎండకు ఆరిపోయేవి. నేను చొక్కా అక్కడే వదిలేసి, ఉన్న నాలుగు పొట్లాలూ చెంబులో కలుపుకుని వెళ్ళి రేడియేటర్ మూత తీయమన్నాను. "బట్టలనుకున్నవా ఏందే?" అన్నాడు మా ఆయన. అయినా తీశాడు. ఆ పొద్దున ఆయనకు అడ్డు చెప్పే ఓపిక కూడా లేదు.

బోరు దగ్గరికి పోయి వచ్చాం. చాలదన్నట్టు వెంచర్‌లో ఇళ్ళు లేని రోడ్ల మీద మూడు చుట్లు తిరిగాం. ఆపి, నేను వంగలేను కనక, ఆయనే బస్సు కింద దూరాడు. ముందు నుంచి వెనక దాకా పాకి చూశాడు. ఎక్కడా నీలిచుక్క లేదు. ఇంజను చల్లారాక మూత తీస్తే అర బకెట్ తక్కువ, ఎప్పటిలాగే. ఆయన పోయి నంబరు రాయి మీద కూర్చుని, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. పెళ్ళయ్యాక ఆయన ఏడవడం నేను చూసింది అదే మొదలు. పక్కన నిలబడి తల మీద చెయ్యి వేశాను. ఇక అయిపోయిందనే అనుకున్నాను.

అప్పుడు బస్సులోంచి కేక వినబడింది. "యేసయ్యా! యేసయ్యా!" పరుగెత్తాం. అత్త పరదా లోంచి బయటికి వచ్చి నిలబడి ఉంది. ఒంటికి చుట్టుకున్న తెల్లచీర నీలం. ముగ్గుబుట్టలాంటి జుట్టు నీలం. చెవుల వెనక నుంచి నీలి ధారలు.

"తప్పయింది కొడుకా" అంది మా ఆయనతో. "రెండు నెల్ల సంది చూస్తున్న. నేను రెండు బకెట్లు పోస్తే రెండున్నర వస్తున్నయ్. దేవుడే పోస్తున్నడనుకున్న. నా కొడుకు చేసిన పని మీద ఆయన చెయ్యి వెట్టిండని మురిసిన. ఎవ్వరికన్న చెప్తే ఆగిపోతదని చెప్పలే. మురిసినందుకే, ఇగో, గిట్ల చేసిండు."

మా ఆయన ఆమె జుట్టు వంక చూశాడు. నా వంక చూశాడు. ఆ తరువాత మంచం కింద దూరాడు. క్యాను లోపల రాగిగొట్టం అతుకు దగ్గర వెంట్రుకంత చీలిక. ఇంజను చల్లగా ఉంటే మూసుకుని, కాగితే తెరుచుకునే చీలిక. ఉస్తాద్ వచ్చి, క్యానుకు పోయే పైపూ వచ్చే పైపూ తీసి ఒకదానికొకటి కలిపేశాడు. టీ చల్లారేలోపు పని అయిపోయింది. "కమాల్ జేసినవ్ చెల్లె" అన్నాడు నాతో. మా ఆయన తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని, "నేను చేసిన డబ్బానే కారింది అవ్వా" అన్నాడు. అది చెప్పడం ఆయనకు ఇంజను విప్పడం కంటే కష్టమైంది. అత్త నీలి జుట్టు తుడుచుకుంటూ, "కారితే ఏమైంది బిడ్డా. వేడివేడిగ నా మీదనే గద కారింది" అంది.

ఆదివారం తొమ్మిదిన్నరకే ఆలూరులో ఉన్నాం. మేం ఆ బస్సులో ఉండగానే మా అమ్మాయి పుట్టింది. పూజ రోజు మాత్రం సారు అత్త నీలి జుట్టును రెండుసార్లు తిరిగి చూశాడు.

పాల క్యాను బస్సు దిగి మూడు రాళ్ళ మీదికి ఎక్కింది. రోజూ పొద్దున కట్టెలు పెట్టి నేనే కాచేదాన్ని. అత్త మాత్రం సాయంత్రం తన రెండు బకెట్లు తనే పోసేది. ఆమె ప్రార్థనకు కూర్చున్నాక, నేను చప్పుడు కాకుండా ఇంకో అర బకెట్ పోసేదాన్ని. ఎందుకని అడిగితే చెప్పలేను. ఆమె దగ్గర నుంచి ఏదో లాక్కున్నాననిపించేది. బస్సు పోయి సొంత ఇల్లు వచ్చినా, ఆమె ఉన్నన్నాళ్ళూ పోశాను. రోజూ స్నానం చేసి వచ్చి "స్తోత్రం" అనేది. నేను మరోవైపు తిరిగి నవ్వుకునేదాన్ని. ఆమె చనిపోయిన సంవత్సరం, చలికాలంలో ఒక సాయంత్రం నాకు జ్వరం వచ్చి ఆ అర బకెట్ పోయలేదు. మర్నాడు అత్త స్నానం చేసి వచ్చి, నా మంచం మీద కూర్చుని, నుదుటి మీద చెయ్యి వేసి, "ఒంట్ల బాగలేదా బిడ్డా?" అంది. నేనింకా జ్వరం సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఏళ్ళు కూడా ఆ రేడియేటర్ నీళ్ళలాగే, కింద ఎక్కడా తడి లేకుండా తగ్గిపోయాయి. అవి వేడివేడిగా మా అమ్మాయి మీదనే పడ్డాయని ఇప్పుడిప్పుడే తెలుస్తోంది.