నిండినవెన్ని, నడుస్తున్నదెన్నోది?

మా పెద్ద టీచరుగారు పోయారని మంగళవారం పొద్దున ఫోన్ వచ్చింది. నేను అన్నం ముట్టకపోతే, కుదిరిన సంబంధం నచ్చక వంక పెడుతున్నానని అమ్మ వదినతో అంది. ఆవిడ మాకు చుట్టం కాదు, మా గుడికి వచ్చే మనిషీ కాదు. మరి ఈ ఏడుపు దేనికని మా ఇంట్లో అనుమానం. నన్నెప్పుడూ అలాగే తప్పుగా అర్థం చేసుకుంటారు.

కడియం దగ్గర చిన్న బడికి ఆవిడ హెడ్మిస్ట్రెస్. రిటైరయ్యాక కూడా ఎవరి వయసు విన్నా ఊరుకునేవారు కాదు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, "నిండినవెన్ని, నడుస్తున్నదెన్నోది?" అని అడిగేవారు. ఆవిడ దగ్గర చదివిన మా అందరికీ అదొక నవ్వులాట.

మొక్కల నర్సరీలో కూలికి వెళ్ళే ఒకావిడ ఏడుస్తూ వచ్చేదాకా నేనూ నవ్వాను. ఆవిడ కూతురు మా బడిలోనే చదివి, రాజమండ్రిలో ఒకరింట్లో పనికి కుదిరింది. గొలుసు పోయిందని ఆ ఇంటివాళ్ళు పిల్ల మీద కేసు పెట్టారు. పోలీసు స్టేషన్లో వయసడిగితే తల్లి మనందరం చెప్పినట్టే చెప్పింది: "పద్దెనిమిదో ఏడు నడుస్తోందండి." కాగితాలు రాసే రైటరు పద్దెనిమిదేళ్ళు అని రాసుకున్నాడు. నిండినవి పదిహేడే. పిల్లల హోమ్‌కి పంపాల్సిన పిల్లను పెద్దవాళ్ళ జైలుకి పంపారు. వయసు తేల్చాల్సిన ఆసుపత్రి డాక్టరు పిల్లను చూడకుండానే పంతొమ్మిదని సర్టిఫికెట్ ఇచ్చాడు. గొలుసువాళ్ళు ఆయనకి బాగా కావలసినవాళ్ళట.

అర్జీలు రాయడానికి టీచరుగారి వెంట నేను తిరిగాను. రైటరు కుర్చీ వేయించాడు. "అమ్మ చెప్పిందే రాశానండి," అన్నాడు.

"మీ అమ్మాయికైతే నడుస్తున్నది రాస్తారా బాబూ, నిండింది రాస్తారా?" అన్నారు ఆవిడ.

అతను టీ తెప్పించాడు. కాగితం దిద్దలేదు.

కోర్టువాళ్ళు ఆసుపత్రికి వెళ్ళమన్నారు, ఆసుపత్రిలో స్టేషన్ కాగితం తెమ్మన్నారు, స్టేషన్లో కోర్టులోనే చూసుకోమన్నారు. తిరుగు బస్సులో, ఈ కేసుకి ఎక్కడా తలుపే లేదని నేనంటే, ఆవిడ నా భుజం తట్టి, "దీనికి తలుపులు లేకపోవడమేంటమ్మాయ్, బోలెడున్నాయి. అన్నీ పక్క గదిలోకే," అన్నారు.

బడి రిజిస్టర్లో ఆ పిల్ల పుట్టిన తేదీ రాసింది ఆవిడే. వచ్చే సోమవారం ఆ మాట ఆవిడ కోర్టులో చెప్పాల్సింది. ఇప్పుడెవరు చెప్తారు? ఇప్పటి హెడ్మాస్టరు రిజిస్టరు పంపుతానన్నాడు గానీ, తేదీ ఎవరి రాతో తనకు తెలియదన్నాడు. ఆ రాత బాగా ఎరిగినవాళ్ళెవరైనా చెప్పవచ్చని మా లాయరుగారన్నారు.

నిన్న ఆ పేజీ చూశాను. ఆవిడ పాళీ నొక్కి రాసేవారు. కాగితం తిప్పి వేలు పెడితే, ఒక్కో అంకె వెనకవైపు ఉబ్బెత్తుగా తగిలింది.

సాక్షిగా నా పేరు ఇచ్చాను. సోమవారం బోనెక్కుతాను.