వైపరుకు సాంచా నూనె

బుచ్చిరాములు చేతిలో నూనె డబ్బా కనిపించిందంటే ఇంట్లో ఏదో ఒకటి కిర్రుమన్నదని అర్థం. సిరిసిల్ల పక్క పల్లె నుంచి మీసాలు రాకముందే సూరత్ వచ్చి, సాంచాల మీద చీరల గుడ్డ నేస్తూనే తల నెరిపించుకున్న మనిషి ఆయన. పవర్‌లూమ్‌ను మన నేతగాళ్లు సాంచె అంటారు. దానికి నూనె తగ్గితే వాడంతా వినపడేలా మొత్తుకుంటుంది. పొద్దున్నే కార్ఖానాలో తక్కినవాళ్లు చాయ్ తాగుతుంటే బుచ్చిరాములు డబ్బా పట్టుకుని కదిలే ప్రతి చోటా చుక్క వేసేవాడు. ఆ అలవాటు సూరత్‌లో ఆయన ఉండే నవాగామ్‌లోని ఇంటికీ వచ్చింది. తలుపు బందులకు నూనె, ఫ్యానుకు నూనె, పక్కింటివాళ్ల సైకిలుకూ నూనె. ఎవరూ అడగనక్కర్లేదు. "జర నన్నొక్కదాన్ని ఇడిసిపెట్టు" అనేది భార్య వెంకటవ్వ.

కరోనా వచ్చిన ఏడాది ఆయన పనిచేసే కార్ఖానా మూతపడింది. సేఠ్ సాంచాలను తుక్కు కింద అమ్మేసి చేతులు దులుపుకున్నాడు. అప్పుడే వెంకటవ్వ తమ్ముడు సోమలింగం ఊరికి పోతూ తన పాత వ్యాను తాళాలు బావ చేతిలో పెట్టాడు. "నడుపుకో బావా, నేనిప్పట్ల రాను" అన్నాడు. లాక్‌డౌన్ సడలించాక, నవాగామ్ నుంచి కడోదరా దగ్గరున్న చీరల మడత కార్ఖానాకు ఆడవాళ్లను చేరవేసే పని దొరికింది. సగం సీట్లే నింపాలి, అందరి మూతికీ మాస్కు ఉండాలి, అన్నిటికంటే ముఖ్యం, వేళకు గేటు దగ్గర ఉండాలి. ఆలస్యమైతే ఆడవాళ్ల కూలిలో కోత పడుతుంది. ఈ పని పోతే బుచ్చిరాములుకు మరో పని లేదు. యాభై దాటినవాణ్ని మళ్లీ సాంచాల మీదికి పిలిచే సేఠ్ ఎవడూ లేడు. అందుకే వ్యానును కంటికి రెప్పలా చూసుకున్నాడు. ఆ చూసుకోవడమే ఆయన కొంప ముంచింది.

ఎండాకాలమంతా వ్యాను ఎండలోనే నిలబడింది. వైపర్ల రబ్బరు ఎండిపోయి, తొలి చినుకులకు అద్దం మీద కిర్రుమని గీరుకుంది. అటూ ఇటూ ఆడేదేదైనా కిర్రుమంటే నేతగాడి చెయ్యి ఊరుకుంటుందా? డబ్బా తెచ్చి రబ్బరు పొడుగునా సాంచా నూనె రాశాడు. మళ్లీ ఆడించి చూస్తే చప్పుడు లేదు.

"చూసినవా, ఎంత మెత్తగ ఆడుతుందో" అని వెంకటవ్వను పిలిచాడు.

ఆమె రాలేదు. పొయ్యి మీద కూర మాడుతోంది.

మర్నాడు వాన దంచికొట్టింది. వైపర్లు చప్పుడు లేకుండా ఆడుతూ అద్దమంతటికీ జిడ్డు పులిమాయి. వాన నీళ్లు ఆ జిడ్డు మీద నిలిచి ఎదురుగా వచ్చే బండ్లన్నీ తెల్లటి మరకల్లా కనిపించాయి. దానికి తోడు మాస్కుల వెనకనుంచి వచ్చే ఊపిరికి అద్దానికి లోపల్నుంచీ ఆవిరి పట్టింది. ముందు సీట్లో కూర్చున్న పోశమ్మ కొంగుతో తుడిచి తుడిచి విసిగిపోయింది.

"అన్నా, ముంగట ఉన్నది లారీయా, గోడనా?" అనడిగింది.

"నాకు తెలిస్తే నీకు చెప్పనా?" అన్నాడు బుచ్చిరాములు. నత్తనడకన గేటు చేరేసరికి వేళ దాటిపోయింది. సూపర్వైజర్ మహేశ్‌భాయ్ గడియారం చూపించాడు, అంతే.

తప్పంతా రబ్బరుదే అనుకుని కొత్త వైపర్లు కొన్నాడు. కొత్త సాంచెకు మొదటిరోజే నూనె పట్టించాలి కదా, వీటికీ పట్టించాడు. అవీ అద్దాన్ని మసకబార్చాయి. కొన్నాళ్లకే రబ్బరు ఉబ్బి, వంకర్లు పోయి, సగం అద్దాన్ని తాకడమే మానేసింది. ఇక వాడకట్టు అంతా వైద్యులే. ఒకాయన ఆలుగడ్డ కోసి రుద్దమన్నాడు, ఇంకొకాయన పేపరు తడిపి తుడవమన్నాడు, మరొకాయన పళ్లపొడి అన్నాడు. బుచ్చిరాములు అన్నీ చేశాడు. చేసిన ప్రతిసారీ చివర్లో, దేనికైనా మంచిదని, కాస్త నూనె కూడా రాశాడు. దుకాణంవాణ్ని తిట్టాడు, వ్యాను అంటగట్టినందుకు బామ్మర్దిని తిట్టాడు, మబ్బుల్ని కూడా వదల్లేదు. తన చేతిలోని డబ్బాను మాత్రం ఒక్క మాట అనలేదు.

రెండోసారి ఆలస్యమైనప్పుడు మహేశ్‌భాయ్ గట్టిగానే చెప్పాడు. మూడోసారి వానకు రోడ్డు అసలే కనపడక వ్యానును పక్కకు ఆపేయాల్సి వచ్చింది. వాన తగ్గేదాకా ఆడవాళ్లు లోపలే బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు. గేటు దగ్గర మహేశ్‌భాయ్ అరవనైనా అరవలేదు.

"కల్ సే దూస్రీ గాడీ ఆయేగీ" అన్నాడు. రేపటి నుంచి వేరే బండి వస్తుందట.

"ఇయ్యాల ఒక్కరోజు మాఫ్ చెయ్యిండ్రి సార్, మంచి మనిషి" అని పోశమ్మ హిందీ, తెలుగు కలిపి బతిమాలింది. ఆయన వినిపించుకోకుండా లోపలికి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చిన బుచ్చిరాములు అన్నం ముట్టలేదు. మళ్లీ నూనె డబ్బా తీసి వ్యాను దగ్గరికి నడిచాడు. వెంకటవ్వ వెనకాలే వచ్చింది. ఆయన రబ్బరుకు నూనె పూస్తుంటే నడుము మీద చేతులు పెట్టుకుని చూసింది.

"గిదా నువ్వు దినాం చేస్తున్నది?"

"నూనె లేకుంటే అరుగదా?"

"నా కుక్కర్ రబ్బరుకు గిట్లనే రాసినవ్ గదయ్యా. ఉబ్బి ఉబ్బి మూతల పట్టకపాయె. రబ్బరుకెవడన్న నూనె పూస్తడా? ఇనుమనుకున్నవా?"

 బొటనవేలితో రబ్బరు నొక్కి చూశాడు. వేలికి నల్లటి జిడ్డు అంటింది. ఇన్నాళ్లూ తన బతుకును తనే తుడిచేసుకున్నాడని అప్పుడు తెలిసింది. డబ్బాను నేలకేసి కొట్టాలనిపించింది, కానీ కొట్టలేకపోయాడు.

ఆ సాయంత్రం గిన్నెల సబ్బుతో అద్దాన్ని జిడ్డు పోయేదాకా కడిగాడు. ఇంకో జత వైపర్లు తెచ్చి బిగించి, ఉత్త నీళ్ల గుడ్డతో రబ్బరు తుడిచాడు. ఇక ఎండలో ఆపినప్పుడు అద్దానికి అంటుకోకుండా లేపి పెడితే చాలు. అంతకు మించి దానికేమీ చేయకూడదు. ఏమీ చేయకపోవడమంత కష్టమైన పని ఆయన జన్మలో ఎరగడు.

తెల్లారి వానలోనే బయల్దేరాడు. మహేశ్‌భాయ్‌కు అద్దం చూపించి, ఇంకొక్కసారి అడిగి చూద్దామని ఆశ. ఆడవాళ్లు ఎక్కే మూల మీద ఎవరూ లేరు. కడోదరా దారిలో సిగ్నల్ దగ్గర బండ్లు ఆగాయి. బుచ్చిరాములు వ్యాను ముందు ఇంకో వ్యాను నిలబడి ఉంది.

వైపరు ఒక్కసారి ఆడింది. అద్దం మీద ఒక్క గీత కూడా మిగల్లేదు. ముందు వ్యాను వెనక సీట్లో పోశమ్మ, ఆమె పక్కన మిగతా ఆడవాళ్లు, వెనక అద్దం దగ్గర పెట్టిన టిఫిన్ డబ్బాలు, అన్నీ కనిపించాయి. పోశమ్మ వెనక్కి తిరిగి ఆయన్ను గుర్తుపట్టింది. చెయ్యి సగం లేపి, పక్కవాళ్లు చూస్తారనో ఏమో దించేసుకుంది. అద్దం నిన్నటిలా మసకగానే ఉంటే బాగుండేదని బుచ్చిరాములుకు అనిపించింది. చెయ్యి దానంతట అదే వైపరు మీటను కిందికి నొక్కి ఆపేసింది. చినుకులు అద్దాన్ని కప్పేశాయి. వెనక బండివాడు హారన్ కొడుతున్నా ఆయన కదల్లేదు.