మా చిన్నత్త తల అడ్డంగా ఊపిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ఎక్కువ కబుర్లు చెప్పే మనిషికి మాట రాదు. ఆవిడ మా చిన్నత్త, నాన్న చెల్లెలు. పుట్టినప్పటి నుంచీ వినపడదు. చేతులతో, కళ్ళతో, మూతివిరుపులతో ఆవిడ మొదలుపెట్టిందంటే మా వీధిలో నోరున్న వాళ్ళంతా దిగదుడుపే. లేని మీసం మెలేస్తే కరణంగారు, రెండు బుగ్గలూ పూరిస్తే పక్కింటి పిన్ని. కూర నచ్చితే పొట్ట మీద రెండుసార్లు తట్టుకునేది. బాగుంది అనడానికి మా ఇంట్లో అదే గుర్తయిపోయింది, కూరకైనా కొత్త పరికిణీకైనా.

ఈ భాష నాకూ మా నాయనమ్మకూ పొల్లుపోకుండా తెలుసు. ఊరికి మాత్రం ఆవిడ ఒట్టి మూగపిల్ల. చుట్టాలొచ్చి ఏమడిగినా నవ్వుతూ తలూపేది. పిల్ల ఎంత అణకువో అని మెచ్చుకుని వెళ్ళేవారు. ఆ అణకువ వెనకాల వాళ్ళ నడకలు ఎలా అనుకరించి చూపించేదో వాళ్ళకు తెలిస్తే మళ్ళీ మా గడప తొక్కేవారు కాదు.

మాది ఉంగుటూరు దగ్గర కాలువ కింద పల్లె. మా పొలాలకు నీళ్ళు పెట్టే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. చర్చి వెనక వీధిలో ఆయన ఇల్లు. నేను తాతా అని పిలిచేదాన్ని. ఒక ఏడు నారుమళ్ళ రోజుల్లో, పొద్దున్నే పొలాలకు నీళ్ళు తెచ్చే పంటబోదె గట్టు తెగి ఒక మోతుబరి రైతు నారంతా కొట్టుకుపోయింది. జనం వెళ్ళేసరికి తెగిన చోట పార పట్టుకుని తాత నిలబడి ఉన్నాడు. నీళ్ళ వంతు గురించి అంతకుముందే ఆ రైతుకూ ఆయనకూ మాటామాటా వచ్చింది. ఇంకేముంది, కక్షకొద్దీ గట్టు కొట్టాడని కేసు పెట్టారు. శిక్ష పడితే జైలు. జైలు నుంచి వచ్చినా, గట్టు కొట్టాడన్న పేరు పడ్డ మనిషిని మళ్ళీ ఎవరూ పొలం గట్టు ఎక్కనివ్వరు.

జరిగింది చూసింది మా చిన్నత్త ఒక్కతే. గేదెకు గడ్డి కోసుకురావడానికి వెళ్ళి అక్కడే ఉంది. ఆ పొద్దున పరుగున ఇంటికొచ్చి చేతులతో చెప్పింది. ఎండ్రకాయ బొరియ దగ్గర గట్టుకు బుంగ పడిందిట. తాత మట్టి ఎత్తిపోసి పూడ్చబోయాడట, నీళ్ళు ఆగలేదట. ఇంకా ఏదో చెప్పబోతుంటే మా నాయనమ్మ అడ్డుపడి, గడ్డి ఏదని కసురుకుంది. గేదె పస్తుండాలా అని చేతులు తిప్పి చూపించింది. అత్త చెప్పేది ఆపేసి, అలవాటుగా తలూపి ఊరుకుంది.

మాట రానిదాని సాక్ష్యమేమిటని ఊళ్ళో చాలామంది నవ్వారు. మా నాయనమ్మ వినలేదు. అత్తనూ, కొంగు పట్టుకుని వదలని నన్నూ తీసుకుని కాలువ పడవలో ఏలూరు వెళ్ళింది. ఆ కోర్టు గది ఎంత పెద్దదో చెప్పలేను. ఎత్తుగా కూర్చున్న మేజిస్ట్రేటు గారిని చూడాలంటే నేను మెడ వెనక్కి వాల్చాల్సి వచ్చింది.

అవతలి ప్లీడరు గారు మా నాయనమ్మ ప్రశ్నను అత్తకు సైగలతో చెప్పేదాకా ఆగలేదు. నేరుగా అత్త ముఖంలోకి చూస్తూ, ఈ మనిషి గట్టు తవ్వుతుంటే చూశావా అని అడిగారు. అత్త నవ్వుతూ తలూపింది. అసలు నువ్వు అక్కడ లేవు కదూ అన్నారు. దానికీ తలూపింది. కోర్టులో అంతా గొల్లుమన్నారు. బోనులో ఉన్న తాత కళ్ళు మూసుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. మా అత్తకు ఏమీ తెలియదని అంతమంది అనుకుంటున్నారే అని ఏడుపు.

అప్పుడు మా నాయనమ్మ, జన్మలో కోర్టు మెట్టెక్కని మనిషి, చేతులు జోడించి ముందుకు నడిచింది.

"అది దాని జవాబు కాదండి. పెద్దవాళ్ళేమన్నా తలూపమని నేనే నేర్పానండి. మాట రాని పిల్ల, ఎదురు తిరిగిందనిపించుకోకూడదని నేర్పానండి."

మేజిస్ట్రేటు గారు కళ్ళజోడు తీసి చాలాసేపు మా అత్తనే చూశారు. తరవాత ఆయన చేసిన పని ఇన్నేళ్ళయినా నా కళ్ళకు కట్టినట్టుంది. పీఠం మీద నుంచి కిందికి దిగి వచ్చారు. ఒక కుర్చీ వేయించుకుని, కిటికీ వెలుగు తన ముఖం మీద పడేటట్టు అత్త ఎదురుగా కూర్చున్నారు.

ప్లీడరు గారు ఊరుకోలేదు. తల్లి తనకు తోచింది చెప్పి కూతురు చెప్పిందంటుంది, ఎలా నమ్మడం అన్నారు. మాట సబబే. మేజిస్ట్రేటు గారు కోప్పడకుండా మా నాయనమ్మనూ నన్నూ బయటికి పంపి తలుపు వేయించారు. కాసేపటికి పిలిచి, లోపల ఏం జరిగిందో మీ అమ్మాయిని అడిగి చెప్పమన్నారు. అత్త వేళ్ళు ఆడించింది. మా నాయనమ్మ మొహమాటపడుతూ చెప్పింది.

"తమరు జేబులోంచి గుండ్రటిదేదో తీసి ఆ పెద్ద పుస్తకం వెనకాల దాచారంటండి. దాచేముందు బంట్రోతు గారి వంక చూసి కన్నుగీటారంటండి."

మేజిస్ట్రేటు గారు పుస్తకం వెనక నుంచి గడియారం తీసి జేబులో వేసుకున్నారు. ప్లీడరు గారు కూడా నవ్వేసి కూర్చున్నారు. ఆ తరవాత మేజిస్ట్రేటు గారు మా నాయనమ్మతో నెమ్మదిగా ఒక మాట అన్నారు.

"అవునా కాదా అని అడగద్దమ్మా. ఏం జరిగిందో చూపించమనండి."

బంట్రోతు చేత తట్టెడు మట్టీ బిందెడు నీళ్ళూ వరండాలోకి తెప్పించారు. కోర్టు మొత్తం వరండాలోకి కదిలింది. అత్త చీర కుచ్చిళ్ళు ఎగదోపి కూర్చుని మట్టితో గట్టు కట్టింది. అడుగున వేలితో బొరియ పొడిచి నీళ్ళు పోసింది. బుంగ పడింది. పార పట్టినట్టు చేతులు పెట్టి, ఆదరాబాదరా మట్టి వేసి చూపించింది. మట్టి కొట్టుకుపోయింది. అక్కడితో ఆగలేదు. ఆవరణలోకి వెళ్ళి గుప్పెడు గడ్డి పీకి, గడ్డిపోచతోనే మోపులా కట్టి, తెచ్చి బుంగలో కుక్కింది.

మా నాయనమ్మకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక నుదురు కొట్టుకుంది.

"తన గడ్డిమోపు ఇచ్చేసిందండి, నీళ్ళకి అడ్డం వెయ్యమని. ఆ రోజు వట్టి చేతులతో వచ్చిందని నేను తిట్టానండి."

మేజిస్ట్రేటు గారు కేసు పెట్టిన రైతు వైపు తిరిగారు. ఆయనా చెడ్డవాడు కాదు. గండి పూడ్చేటప్పుడు అడుగున గడ్డిమోపు దొరికిన మాట నిజమేననీ, నీళ్ళకు కొట్టుకొచ్చిందేమో అనుకున్నామనీ తల వంచుకుని ఒప్పుకున్నాడు. గట్టు కొట్టే మనిషి బుంగలో గడ్డి ఎందుకు కుక్కుతాడండీ అని మేజిస్ట్రేటు గారు అడిగారు. కేసు కొట్టేశారు. తాత ఆ మట్టిలోనే కూలబడి మా అత్త పాదాలు ముట్టుకోబోతే ఆవిడ బెదిరిపోయి నా వెనక దాక్కుంది.

వెళ్ళబోతుంటే మేజిస్ట్రేటు గారు మమ్మల్ని ఆపారు. బాగా చెప్పావు అని మీ అమ్మాయికి ఎలా చెప్పాలని అడిగారు. మా నాయనమ్మ సిగ్గుతో చచ్చిపోతూ చూపించింది. అంత పెద్దమనిషీ మా అత్త ఎదుట నిలబడి తన పొట్ట మీద రెండుసార్లు తట్టుకున్నారు. అత్త ముఖం ఎంత వెలిగిపోయిందో!

తిరుగు పడవలో ఎండ చురుక్కుమంటోంది. లోపలికి వచ్చి నీడన కూర్చోమని మా నాయనమ్మ అత్తకు సైగ చేసింది. అత్త ఆవిడ వంక చూసింది. కాస్త ఆలోచించి, తల అడ్డంగా ఊపింది. పడవ ముందు భాగాన, గాలి తగిలేచోట కూర్చుంది. మా నాయనమ్మ తెల్లబోయి చూసి, కాసేపటికి కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ తన పొట్ట మీద రెండుసార్లు తట్టుకుంది.

ఇప్పుడు నేను మునిమనవల్ని చూస్తున్నాను. ఎవరైనా నా మాటకు ఠక్కున తలూపితే నాకు సంతోషం కలగదు. వాళ్ళకు కాదనే వీలు ఇచ్చానా అని చూసుకుంటాను. ఇవ్వలేదనిపిస్తే నా కుర్చీ వాళ్ళ దగ్గరికి జరుపుకుని, ముఖం వెలుగులోకి తిప్పుకుని, మళ్ళీ మొదటినుంచి అడుగుతాను.