పది జతల కూలి

"...కోసుకుంటే మీ ఇంటాయనది కోసుకోవాలె గానీ, మా కూలి ఎందుకు కోసుకుంటది సర్కారు? మేమేమన్న బంగ్లాలు కట్టినమా వనజా, కార్లు కొన్నమా?"

"జర మెల్లగ మాట్లాడు అక్కా. నల్లా కాడ అందరు ఇంటున్నరు."

"ఇననీ. పద్నాలుగు నెలల సంది ఇననోళ్లు ఎవరున్నరు?"

వీధి నల్లా దగ్గర రుక్కమ్మ వనజతో పెట్టుకున్న పంచాయతీ ఇంట్లో ఉన్న వనజ భర్త కురుమూర్తికి స్పష్టంగా వినబడుతోంది. గడ్డం గీసుకుంటున్న చేయి ఆగింది. బయటికి వెళ్లినా చెప్పడానికి కొత్త మాట ఏదీ లేదు. చెంప మీద సబ్బు ఆరిపోయేదాకా తలుపు వెనకే నిలబడ్డాడు.

"మీ మరిది ఒక్క రూపాయి తినలే అక్కా."

"తినలే, సరే. మరి ఎవరు తిన్నట్టు? ఆ కంప్యూటర్ తిన్నదా?"

కురుమూర్తి పదిహేడేళ్లుగా గుంపుమేస్త్రి. ఆత్మకూరుకు ఐదు కిలోమీటర్ల దూరంలోని ఆ ఊరి నుంచి ఏటా దసరా దాటగానే కూలీలను కాలువ పనులకు తీసుకుపోతాడు. గుంపులో మనుషులను లెక్కపెట్టరు, జతలను లెక్కపెడతారు. మొగుడూ పెళ్లాం కలిస్తే ఒక జత. అతనిది పది జతల గుంపు. మేస్త్రి ఆ లెక్కలోకి రాడు. పండగకు ముందు ఇంటింటికీ వెళ్లి అడ్వాన్సు చేతిలో పెడతాడు. పుచ్చుకున్న జత ఆ ఏడాదికి అతని జత. పని అయ్యాక కాంట్రాక్టరు బిల్లు డబ్బు మేస్త్రి చేతికిస్తాడు, మేస్త్రి పంచుతాడు.

నిరుటికి ముందటి దసరాకు షోలాపూర్ దిక్కు పోయి కాలువ పని చేశారు. ఐదు లక్షల బిల్లులో నాలుగే చేతికొచ్చాయి. కురుమూర్తి పాన్ కార్డుకు ఆధార్ లింకు చేయలేదని, లింకు ఉంటే పన్ను కింద వందకు రూపాయి కోసేవాళ్లమని, లేదు గనుక ఇరవై కోయవలసి వచ్చిందని కాంట్రాక్టరు గుమస్తా చెప్పాడు. ఆ కార్డు కూడా కాంట్రాక్టరు అడిగితేనే ఎప్పుడో తీయించుకున్నది. దానికి లింకు గడువొకటి ఉందని, అది దాటిపోయిందని రాళ్ల మధ్య గుడిసె వేసుకుని ఉన్న మనిషికి ఎవరూ చెప్పలేదు. రిటర్ను వేస్తే డబ్బు తిరిగొస్తుందని మాత్రం గుమస్తా చెప్పాడు.

"నెల రోజుల్ల వస్తది," అని కురుమూర్తి పది జతలకూ మాటిచ్చాడు.

వెయ్యి రూపాయల ఫీజు కట్టి లింకు చేయించాడు. ఆత్మకూరులో ఆన్‌లైన్ సెంటర్ నడిపే శైలజ రిటర్ను వేసిపెట్టింది. ఆ తర్వాత ప్రతి వారం ఆమె దుకాణం ముందు నిలబడ్డాడు.

"ప్రాసెసింగ్‌ల ఉంది కాకా."

"ప్రింటు తీసియ్యి బిడ్డా."

పది రూపాయలిచ్చి ఆ తెర మీద ఉన్నదంతా ప్రింటు తీయించుకునేవాడు. ఊళ్లోకి తెచ్చి చూపించేవాడు. అంతా ఇంగ్లిషు. మొదట్లో జనం కాగితం అటూ ఇటూ తిప్పి చూసేవారు. తర్వాత చేయి చాచడం మానేశారు. "గిసుంటి కాగితాలు నేను గూడ తెస్త, ఎన్ని కావాలె?" అని రుక్కమ్మ ఒకసారి అందరి ముందే అంది.

నిరుడు దసరాకు నాలుగు జతలే అతని అడ్వాన్సు పుచ్చుకున్నాయి. నాలుగు జతలకు కాలువ పని ఎవరూ ఇవ్వలేదు. ఆ డబ్బు వెనక్కి తీసుకుని, చుట్టుపక్కల ఊళ్లలో గోడలు కట్టే పనికి తానే కూలికి పోయాడు. రుక్కమ్మ, ఆమె భర్త మల్లయ్య వేరే గుంపుతో వెళ్లారు. ఈ దసరాకు ఒక్క జత కూడా దొరకదని నల్లా దగ్గరి మాటలు విన్నాక అతనికి అర్థమైంది.

మిగిలిన గడ్డం గీసుకుని ఆత్మకూరు వెళ్లాడు.

"ఇయ్యాల ప్రింటొద్దు. అండ్ల ఏం రాసుందో మొత్తం చదివి చెప్పు బిడ్డా. చెప్పేదాక పోను," అని స్టూలు మీద కూర్చున్నాడు.

శైలజ ఎప్పుడూ చూసే పేజీ వదిలి ఇంకో పేజీ తెరిచింది.

"కాకా, నీ పైసలు ఫిబ్రవరిల్నే వచ్చినయ్. ఖాతా తీసుకోక వాపస్ పోయినయ్."

"ఎందుకు తీసుకోలే?"

"నువ్వు ఇచ్చింది ఉపాధి హామీ కూలి పడే జీరో ఖాతా. అండ్ల యాభై వేలు దాటి ఉండనియ్యరు. మెయిల్ గూడ వచ్చిందంట, నా మెయిల్‌కే. వందల మెయిళ్లుంటయ్, నేను చూడలే." ఆమె అతని వైపు చూడకుండా అంది, "తప్పు నాదే కాకా."

అతనికి కోపం రావలసింది. రాలేదు. ఎక్కడ ఆగిందో తెలియని డబ్బు ఎక్కడ ఆగిందో ఇప్పుడు తెలిసింది. "ఇప్పుడేం జేయాలె, గది చెప్పు," అన్నాడు.

బ్యాంకులో ఆధార్, ఫొటోలు ఇచ్చి ఖాతా మార్పించుకోవడానికి మూడు రోజులు పట్టింది. శైలజ మళ్లీ అర్జీ పెట్టింది. డబ్బు తీసుకోలేదు.

పద్దెనిమిదో రోజు పరంజా మీద ఉండగా ఫోన్ మోగి ఆగింది. మెసేజ్‌లో అక్షరాలు చదవలేకపోయినా అంకెలు చదవగలడు. ఆరు అంకెలున్నాయి. తాపీ కింద పెట్టి, కాళ్లు కడుక్కోకుండానే బ్యాంకుకు వెళ్లి పాస్‌బుక్ ప్రింటు వేయించాడు. బ్యాంకు గుమస్తా చెప్పింది రెండుసార్లు విన్నాడు. బయట మెట్టు మీద కూర్చున్నాక పొద్దున్నుంచీ ఏమీ తినలేదని గుర్తొచ్చింది. ఎదురుగా బండి దగ్గర మిర్చి బజ్జీలు కొనుక్కుని, నోరు కాలుతున్నా ఆగకుండా తిన్నాడు.

డబ్బు మొత్తం తీసుకుని ఊరికి వచ్చాడు. పొద్దు వాలకముందే పది జతలూ అతని వాకిట్లో కూర్చున్నాయి. కురుమూర్తి నోట్ల కట్టను రుక్కమ్మ ఒళ్లో పెట్టాడు.

"నువ్వే పంచు వదినా. ఎవరు ఎన్ని రోజులొచ్చిన్రో నీకు ఎరుకనే."

ఆమె కట్ట వైపు చూసి అతని వైపు చూసింది. తర్వాత చీర కొంగు దోపుకుని మొదలుపెట్టింది. ఏ జత ఎన్ని నాగాలు పెట్టిందో, ఏ ఆడమనిషి జ్వరంతో ఎన్నాళ్లు పడుకుందో కాగితం లేకుండా చెబుతూ పంచింది. ఒక్కరు కూడా కాదనలేదు. మల్లయ్య తమకూ సమానంగా వస్తుందేమోనని చేయి చాస్తే, "నువ్వు తాగి పన్న నాలుగు రోజులు ఎవరు లెక్కవెట్టాలె?" అని రెండు నోట్లు వెనక్కి లాక్కుంది. అందరూ నవ్వారు. వనజ కూడా నవ్వింది. ఆమె ఆ వాకిట్లో నలుగురి ముందు నవ్వి చాలా రోజులైంది.

పంచాక ఇంకా కొన్ని వేలు మిగిలాయి.

"ఇదేంది, ఎక్కువుంది?"

"వడ్డీ అంట వదినా."

"సర్కారు మనకు వడ్డీ గూడ ఇస్తదా!" రుక్కమ్మ ఆ నోట్లను అతని ముందుకు తోసింది. "ఫీజు నువ్వే కట్టినవ్ గద, పెట్టుకో."

ఎవరూ లేవలేదు. వనజ చాయ్ తెచ్చి ఇచ్చింది. రుక్కమ్మ రెండు గుటకలు తాగి, గ్లాసులోకి చూస్తూ అంది:

"నల్లా కాడ నేనన్న మాటలు ఇన్నవా?"

"ఇన్న."

"సరే తియ్. పండుగ దగ్గరికొచ్చె. అడ్వాన్సు ఎప్పుడిస్తవ్ మరి? పది జతలం వస్తం."

కురుమూర్తి గ్లాసు కింద పెట్టాడు.

"అడ్వాన్సు నేనియ్య వదినా. ఈ ఏడు సంది మేస్త్రివి నువ్వే. మీ జాగల నేనూ వనజా పదో జతగ వస్తం."