మూడో సాంచ చప్పుడు

మా చిన్నప్పుడు... సిరిసిల్లలో మా వాడంతా సాంచల మోతే. మరమగ్గాన్ని మేం సాంచ అంటాం. మా నాయిన ఒక్కడే నాలుగు సాంచలు నడిపేవాడు. ఒకదాని దగ్గర తెగిన పోగు అతుకుతూనే మిగతా మూడింటినీ చెవులతో కాపలా కాసేవాడు. అడ్డపోగు మోసుకుంటూ అటూ ఇటూ తిరిగే నాడెలో, కండెకు చుట్టిన నూలు అయిపోతే చప్పుడు తేలికవుతుంది... వెనక్కి చూడకుండానే ఆయనకు తెలిసిపోయేది.

కోరుట్లలో పెళ్లి బ్యాండులో కీబోర్డు వాయించే మా మామ, ఓసారి పాత సాంప్లర్ ఒకటి, దాని స్పీకర్‌తో సహా మా ఇంట్లో పెట్టి పోయాడు. టిఫిన్ డబ్బా అంత పెట్టె... ఏ చప్పుడైనా పట్టుకుని, మీట నొక్కితే మళ్లీ మళ్లీ వినిపించేది.

"ముట్టినవంటే చేతులిరుగుతయ్ పిల్లా" అన్నాడు.

ముట్టాను. ఎవరూ నేర్పలేదు. మూడు రోజులు అన్ని మీటలూ నొక్కి నొక్కి నేనే నేర్చుకున్నా. నాయిన చూడకుండా సాంచల షెడ్డుకు పోయి మూడో సాంచ చప్పుడు పట్టేశా.

నాయినకు వినిపించాలని, మర్నాడు అన్నం గిన్నెతో పాటు పెట్టెనూ, మామ స్పీకర్‌నూ షెడ్డుకు మోసుకుపోయా. మూడో సాంచ పక్కన, కండెల గంప చాటున పెట్టి మీట నొక్కాను. ఆయన తిరిగి చూస్తాడనుకున్నా... చూడలేదు. అంత అచ్చంగా వచ్చిందని పొంగిపోయా.

సరిగ్గా అప్పుడే అసలు సాంచలో కండె అయిపోయింది. ఖాళీ నాడె అటూ ఇటూ ఆడుతూనే ఉంది. నా పెట్టె మాత్రం నిండు కండె చప్పుడే చేస్తోంది...

సాంచల యజమాని ఆసామి వచ్చేసరికి మూరెడు గుడ్డలో అడ్డపోగే లేదు. దోమతెర లెక్క.

"ఏంరా, చెవులు ఇంట్ల పెట్టచ్చినవా? చెవిటోనికి నాలుగు సాంచలెందుకు? రేపటి సంది రెండే నడుపు!"

నేను అప్పటికే పెట్టె ఆపేసి గంపలో దాచా.

ఆ సాయంత్రం నాయిన చెవి దగ్గర చిటికెలు వేసుకుని చూసుకున్నాడు. "ఏమోనే... నా చెవులు పోతున్నట్టున్నయ్" అన్నాడు అమ్మతో. చెప్పాలి... ఇప్పుడే చెప్పాలి... చెప్పలేదు.

ఇప్పుడు నేను బట్టల కంపెనీలో మిషన్ కుడుతున్నా. బ్యాండు మానేశాక మామ ఆ పెట్టె నాకే ఇచ్చాడు. నాయినకు నిజంగానే చెవులు పోయాయి. అన్నేళ్లు ఆ మోతలో నిలబెట్టినవాళ్లు ఒక్కరైనా చెవుల్లో పెట్టుకోను ఇంత దూది ఇచ్చారా? "అలవాటైతది తియ్" అన్నారంతే. ఒళ్లు మండుతుంది నాకు... నా మీద కూడా.

మొన్న ఆదివారం నాయిన చెవి దగ్గర అరిచి ఆనాటి సంగతంతా చెప్పా. ఎంత వినపడిందో తెలియదు. మీట నొక్కి, ఆయన అరచేయి స్పీకర్ మీద పెట్టా. కళ్లు మూసుకున్నాడు.

"మూడో సాంచ" అన్నాడు. "కండె నిండుగున్నది."

నవ్వాడు. "అంటే... గా రోజు నా చెవులు మంచిగనే ఉన్నయన్నట్టు బిడ్డా!"

ఆ షెడ్డు మూతపడింది. సాంచలు తుక్కు కింద పోయాయి. ఆ చప్పుడు ఈ పెట్టెలోని పల్చని మెమరీ కార్డులోనే మిగిలింది. ఆన్ చేసిన ప్రతిసారీ పలుకుతుందో లేదోనని భయం... దాన్ని ఫోన్‌లోకి ఎక్కించడం తెలిసినవాళ్లుంటే చెప్పండి.

మీ అమ్మానాన్నల పని చప్పుడు ఏదైనా మీ దగ్గర మిగిలి ఉందా? వాళ్లకు చెవులు వినపడుతున్నప్పుడే వినిపించండి...